లక్కపిడతలు

నిర్వచనము

లక్కపిడతలనగా మెత్తని కఱ్ఱను తరిమెనపట్టి, రంగు కలిపిన లక్కను దానిపై పూతగా ఎక్కించి, వంటయింటి పాత్రసామగ్రికి అల్పాకృతులుగా పిల్లల ఆటకొఱకు చేయు వస్తువుల సముదాయము. పిడత యనునది చిన్నకుండకు పేరైనను, పొయ్యి, తిరగలి, రోలు, బిందె, చెంబు, గరిటె, అప్పడాలపీట మొదలగు వానినన్నిటిని గలిపి ఈ పేరుతోనే వ్యవహరింతురు. వస్తువులలో పెక్కు రెండు మూడంగుళములకు మించక నాలుగైదేండ్ల శిశువు పిడికిటిలో ఇముడునట్లుండును. తెలుగునాట పలుతరముల బాలికలకు, అనేకగృహములయందు బాలురకును, తమదని చెప్పుకొనదగిన మొదటి ఆస్తి ఇదియే యైనందున, శిశువునకు మిక్కిలి ప్రియమైన వస్తువు ఎట్లు ఏర్పడును, దానికి శిశుజీవితమున గల స్థానమెట్టిది యను విషయములును ఈ వ్యాసమున చర్చింపబడుచున్నవి.

పూర్వచరిత్ర

భారతదేశమున పిల్లల ఆటవస్తువుల చరిత్ర సింధునాగరికతాకాలము వఱకు పోవును. హరప్పా, మొహెంజొదారో త్రవ్వకములయందు కాల్చిన మట్టితో చేసిన చిన్నబండ్లు, పక్షి ఆకారముగల ఈలలు, జంతువుల బొమ్మలు విరివిగా లభించినవి. వీనిలో కొన్నిటిని పూజాద్రవ్యములని తలచు పండితులు లేకపోలేదు గాని, చక్రములు తిరుగు బండి శిశువునకై చేయబడినదనుటకు ఆ చక్రములే తగిన సాక్ష్యము.

శిశువునకు తన ఆటవస్తువుపై గల మమకారమును సంస్కృతవాఙ్మయమున మిక్కిలి సూక్ష్మముగా గుర్తించినవాడు శూద్రకుడు. అతని 'మృచ్ఛకటికము'న షష్ఠాంకమునందు చారుదత్తుని కుమారుడైన రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారుబండితో ఆడి, అది వారు తీసికొనిపోగా, దానికి మారుగా దాసి రదనిక చేసియిచ్చిన మట్టిబండి తనకు వలదని ఏడ్చును. ఆ దుఃఖమును చూచి ఓర్వజాలక చారుదత్తుని ప్రేయసియగు వసంతసేన తన యాభరణములను తీసి మట్టిబండిలో నింపి, దీనితో బంగారుబండి చేయించుకొనుమని బాలుని ఓదార్చును. ఆ నగలే పిమ్మట న్యాయస్థానమున చారుదత్తునిపై మోపబడిన నేరమునకు సాక్ష్యములై కథను మలుపు త్రిప్పును. పదియంకముల నాటకమునకు, అందు రాజ్యవిప్లవమును ప్రణయమును ఉండగా, కవి ఒక శిశువు ఏడ్చిన బొమ్మబండి పేరు పెట్టుట గమనింపదగిన విషయము. పెద్దలు అల్పమని త్రోసివేయు దుఃఖము శిశువునకు అల్పము కాదను ఎఱుక ఈ నామకరణమున స్పష్టముగా నున్నది.

తెలుగుదేశమున చిన్నపాత్రలతో ఉత్తుత్తి వంట చేయు ఆటకు గుజ్జెనగూళ్ళని పేరు. బాలికల క్రీడలను వర్ణించు సందర్భములలో ప్రాచీనకవులు ఈ మాటను బొమ్మరిల్లు, బొమ్మలపెండ్లి యనువానితో గూడ వాడిరి. కావ్యములయందు చెదరియున్న ఇట్టి యాటల పేర్లను సేకరించి సామాజికచరిత్రకు ఆధారములుగా గ్రహించినవారిలో సురవరము ప్రతాపరెడ్డిగారు అగ్రగణ్యులు. వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడినది. గుజ్జెనగూళ్ళకు మట్టిపిడతలను వాడుటయు గలదు. కుమ్మరి తన సారెపై పెద్దకుండలతో పాటు చిట్టిపిడతలు నాలుగు తీసి తిరునాళ్ళలో అమ్ముట నేటికిని పల్లెలలో కానవచ్చును. కఱ్ఱతో చేసి లక్కపూసినవి వీనికన్న ఎక్కువకాలము మన్నుటచే, పిల్లకు ఒకమారు కొనియిచ్చినది ఆమె ఆటవయస్సు గడచువఱకు నిలుచుటయు, చెల్లెండ్రకు సంక్రమించుటయు సంభవమైనది.

ఉత్పత్తిస్థానము: ఏటికొప్పాక

లక్కపిడతలకు ప్రసిద్ధిచెందిన గ్రామము ఏటికొప్పాక. ఇది వరాహనదీతీరమున నున్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదై, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. స్థానిక జమీందారుల ఆదరమున ఇచ్చటి తరిమెనపని వృద్ధినొందినది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కృత్రిమవర్ణములు చౌకగా లభింపసాగుటచే పూర్వపు ఓషధివర్ణములు క్రమముగా మూలబడగా, ఆ గ్రామమునకే చెందిన చింతలపాటి వేంకటపతిరాజుగారు, సి.వి.రాజు అను పేర ప్రసిద్ధులు, వానిని పునరుద్ధరించుటకు పూనుకొని, ఆకులు, వేళ్ళు, గింజలనుండి తీసిన రంగులను లక్కతో మేళవించు పద్ధతులను మరల కనుగొని, పనివారికి నేర్పిరి. ఈ కృషికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళికసూచిక గుర్తింపు వచ్చినది. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఊరేగినవి ఈ బొమ్మలే.

ద్రవ్యములు

కఱ్ఱ: దీనికి వాడునది అంకుడు. ఇది పాలుగారు జాతిచెట్టు; కలప తెల్లనిది, సన్నని పోగుగలది, ఎండినపిమ్మట తేలికయైనది. ఉలికి బిరుసుగా ఎదురుతిరుగకయు, తిరుగునపుడు చీలకయు నుండుటచే పలుచని అంచులుగల చిన్నపాత్రలకు మిక్కిలి తగినది. ఈ చెట్టు ఆకులనుండి నీలివంటి రంగు తీయవచ్చును.

లక్క: మోదుగ, రేగు మొదలగు చెట్లకొమ్మలపై గుంపులుగా పట్టి రసము పీల్చు చిన్నపురుగులు స్రవించు జిగురు గట్టిపడగా ఏర్పడునది. ఉడుకునీటి వేడికన్న తక్కువ వేడికే ఇది మెత్తబడును. చల్లారిన వెంటనే గట్టిపడి నిగనిగలాడును. లక్కపిడతలు ఉండుటకును, వాని బలహీనతకును ఈ గుణమొక్కటే కారణము. మెత్తబడుటచే పూత సాధ్యమగుచున్నది. అందుచేతనే నిజమైన పొయ్యికడకు లక్కపిడత పోజాలదు. శిశువు వంటలో నిప్పు సదా కల్పితమే.

వర్ణములు: పసుపుపచ్చకు పసుపు, నారింజవన్నెకు జాఫరాగింజలు, నీలమునకు నీలిచెట్టు, ఎఱుపునకు లక్కనుండియే తీయు రంగు వాడుదురు, నీలమును పసుపుపచ్చను కలిపి ఆకుపచ్చను సాధింతురు. శిశువులు వస్తువులను నోట పెట్టుకొందురు గావున రంగుల ఎంపిక కేవలము సౌందర్యమునకు సంబంధించినది గాదు. సీసము మొదలగు లోహములుగల రంగులు శిశుశరీరమునకు హానికరములు. శుద్ధిచేసిన లక్కయో, మిఠాయిలకును మాత్రలకును పైపూతగా వాడబడునంతటి నిరపాయద్రవ్యము.

నిర్మాణవిధానము

కొట్టి తెచ్చిన అంకుడుకొమ్మలను కొంతకాలము ఎండనిచ్చి, బెరడు తీసి, కావలసిన పొడవునకు కోసి, ముక్కను తరిమెనకు బిగింతురు. పూర్వము ఒకరు త్రాడుతో తరిమెనను ఇటునటు త్రిప్పుచుండ వేఱొకరు ఉలిపట్టెడివారు. నేడు విద్యుద్యంత్రము ఆ మొదటివాని పనిని చేయుచున్నది. తిరుగుచున్న ముక్కకు ఉలి తాకగానే తెల్లని పొరలు చుట్టలుగా లేచి పనివాని మోకాళ్ళపై పడును. మొదట పాత్రయొక్క బయటివంపు, తరువాత లోపలి గుల్ల, చివరకు అంచు తీయుదురు. మూతగలదైనచో మూత సరిగా కూర్చున్నదో లేదో కఱ్ఱ యింకను తరిమెనపై నుండగనే సరిచూతురు. బిగువైనచో ఒక్క పొర తీయుదురు, వదులైనచో ఆ ముక్కను పారవైతురు.

పిమ్మట రంగులక్క కడ్డీని తిరుగుచున్న పాత్రపై అదిమి పట్టుదురు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కఱ్ఱకు చుట్టుకొనును. వేఱు బ్రష్షుగాని, తడి రంగుగాని లేదు. ఒక రంగుప్రక్క వేఱొక రంగును సన్నని పట్టెగా ఎక్కించుటలో చేయి తొణకరాదు. కడపట ఎండిన మొగలియాకును అదిమి పట్టగా పూత అంతటను సమముగా పరచుకొని అద్దమువంటి మెఱుగు వచ్చును. పాత్రను తరిమెననుండి కోసి వేరుచేసిన చోట అడుగున చిన్న మచ్చవంటి గుర్తు మిగులును. చేతిపనిలో ఏ రెండు పిడతలకును వంపు, పట్టె, గుర్తు ఒక్కతీరుగా నుండవు.

ఆట

ఆటసామగ్రిని తాటాకుబుట్టలోనో, చిన్నపెట్టెలోనో ఉంచుకొని, అరుగుపైనో, పెరటిలో జామచెట్టు క్రిందనో పిల్లలు విప్పుదురు. ఇసుక అన్నమగును, ఇటుకపొడి కారమగును, గోరింటాకో, తుమ్మియాకో కూరయగును. పెద్దలు దయదలచినచో గుప్పెడు అటుకులు, బెల్లపుముక్క, పుట్నాలపప్పు లభించి వంట నిజమగును. ఒకతె వండును, ఒకతె వడ్డించును, చిన్నవాడు అతిథియై రెండుమారులు భోజనము చేయును. విస్తరాకులకు బాదమాకులు చాలును. గరిటెతో తిప్పునపుడు మణికట్టు త్రిప్పుటయు, మూత తీసి ఆవిరికి ముఖము వెనుకకు తీసికొనుటయు తల్లినిబట్టి నేర్చినవే. ఆవిరి లేకపోయినను ముఖము వెనుకకు పోవును.

నీరు పోసిన పిడత కఱ్ఱ ఉబ్బి బీటలువారుటయు, లక్క పెచ్చులూడుటయు గలదు. కావున నీళ్ళు పోయవలదని పెద్దలు చెప్పుదురు, పిల్లలు పోయుదురు. అట్లు పెచ్చూడిన బిందెను శిశువు పారవేయుటకు సమ్మతింపదు. సంక్రాంతికి, దసరాకు పేర్చు బొమ్మలకొలువునందు లక్కపిడతలకును ఒక మెట్టుపై తావుండును (చూ. బొమ్మలకొలువు), అచ్చట అవి అందఱు చూచునవి, ఆటలో మాత్రము ఒక్కరివి.

శిశువునకు ప్రియతమవస్తువు: మనశ్శాస్త్రదృష్టి

శిశువు ఒక వస్తువును తక్కినవానికన్న మిన్నగా పట్టుకొనుట రెండు దశలలో రెండు విధములుగా నుండునని గ్రహించుట అవసరము.

మొదటి దశ శైశవము. ఆంగ్లదేశీయుడైన శిశువైద్యుడును మానసికవిశ్లేషకుడును అగు డోనల్డ్ వినికాట్ 1951లో చదివి 1953లో ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున, తొలియేటిలో శిశువు ఒక గుడ్డముక్కనో, దుప్పటి అంచునో, మెత్తని బొమ్మనో ఎంచుకొని అది లేనిదే నిదురపోకుండుటను పరిశీలించి, దీనికి సంధివస్తువని చెప్పదగిన పేరు పెట్టెను. అది శిశువు శరీరములో భాగము గాదు, పూర్తిగా బాహ్యలోకమునకు చెందినదియు గాదు. తల్లి దగ్గర లేని వేళ ఆమెవలన కలుగు ధైర్యమును కొంత నిలిపియుంచు మధ్యస్థానము. దానిని మార్చు అధికారము శిశువునకు తప్ప అన్యులకు లేదు. ఉతికినచో వాసన పోయి శిశువునకు దాని యునికి తెగిపోవచ్చును గావున తల్లులు మురికిగా నున్నను ఉపేక్షింతురు. అమ్మ పాతచీర ముక్క లేనిదే పండుకొనని పసిపిల్లలు తెలుగుకుటుంబములలోను కలరు. వినికాట్ చెప్పిన మఱియొక విషయము తల్లిదండ్రులకు ఊరటనిచ్చునది: కాలక్రమమున ఆ వస్తువు మఱవబడదు, దానికై శోకించుటయు ఉండదు, దాని పని ముగియగా అది క్రమముగా అర్థమును కోల్పోవును. అందుచే దానిని బలిమిని మాన్పింపవలసిన పనిలేదు.

రెండవ దశ మూడవయేట మొదలై, ఊహాక్రీడ ప్రబలముగా నుండునంతకాలము సాగును. లక్కపిడతలు ఈ దశకు చెందినవి. ఇవి మెత్తనివి గావు, నిదురకు తోడు గావు. ఇవి చేయుటకు ఉపకరించునవి. స్విట్జర్లండు దేశీయుడైన జాఁ పియాజే 1945లో ప్రకటించిన గ్రంథమున, ఎదుట లేని వస్తువునకు ఎదుటనున్న వస్తువును గుర్తుగా నిలుపు శక్తి ఆటలో ఎట్లు వికసించునో వివరించెను. రష్యాదేశీయుడైన లెవ్ విగొత్‌స్కీ 1933లో చేసిన ఉపన్యాసమున ఇంకొక మెట్టు ముందుకు పోయి, ఆటయందు శిశువు వస్తువునుండి అర్థమును విడదీయ నేర్చునని ప్రతిపాదించెను. కఱ్ఱ గుఱ్ఱమగును, కాని ఉత్తరపుకార్డు గుఱ్ఱము కాజాలదు, ఏలన దానిపై ఎక్కి స్వారి చేయుటకు వీలులేదు. ఇటుకపొడి కారమగుట ఈ సూత్రమునకు తగిన దృష్టాంతము. ఆ కారమును వేయుటకు లోతుగల గిన్నెయు, మూయుటకు మూతయు, తిప్పుటకు గరిటెయు కావలెను గదా. లక్కపిడత తన యాకృతిచేతనే ఆ చేష్టలకు చోటిచ్చుచున్నది. ఇంటిలో ఏదియు తన యధీనమున లేని శిశువు ఈ మూడంగుళముల వంటయింటిలో ఎవరికి ముందు వడ్డింపవలెనో, ఎవరికి ఇంకొంచెము పెట్టవలెనో తానే నిర్ణయించును.

ప్రియతమవస్తువునకు మఱియొకటి ప్రత్యామ్నాయము కాజాలదనుటకు ప్రయోగనిదర్శనము గలదు. బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అను శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించిన పరిశోధనలో మూడు మొదలు ఆరేండ్ల వఱకు వయస్సుగల పిల్లలకు, ఏ వస్తువునకైనను సరిగా అట్టి నకలు చేయు యంత్రమని నమ్మించు పెట్టెను చూపిరి. సాధారణమైన ఆటవస్తువు విషయమున పిల్లలు నకలును గైకొనుటకు ఇష్టపడిరి. నిదురలో విడువని ప్రియవస్తువు విషయమున మాత్రము మూలవస్తువే కావలెననిరి. కొందఱు దానిని యంత్రములో పెట్టుటకే అంగీకరింపలేదు. రూపము, రంగు, గుణము అన్నియు సమానమైనను, తనతో గడచిన కాలము ఆ ఒక్క వస్తువునందే యున్నదని శిశువు తలచుచున్నట్లు దీనివలన ఊహింపవచ్చును. పెచ్చూడిన బిందెకు మారు క్రొత్తబిందె కొనియిచ్చి, పాతదానిని పారవేసిన పెద్దలు శిశువు కన్నీటిని మొండితనమనుకొనుట ఈ కారణముచే న్యాయము గాదు. పోయినది బిందె కాదు, ఆ బిందె.

స్వామ్యభావమునకును పంచుకొనుటకును గల సంబంధము ఇచ్చట చెప్పదగినది. తనదని స్థిరపడిన వస్తువునే శిశువు ఇతరులకు ఇచ్చుటలో త్యాగము గలదు; ఎవరిదియు గానిదానిని పంచుటలో లేదు. గుజ్జెనగూళ్ళలో పిడతల యజమానురాలు పక్కింటి పిల్లకు గరిటెనిచ్చి, బిందెను మాత్రము తనయొద్దనే ఉంచుకొనుట లోభమని తొందరపడి చెప్పరాదు.

భిన్నాభిప్రాయములు

చిన్నపాత్రల ఆటను అందఱు విద్యావేత్తలు ఒక్కతీరుగా మెచ్చలేదు. మరియా మాంటిసోరి 1907లో రోమునగరమున స్థాపించిన శిశుగృహములో పిల్లలు బొమ్మలను విడిచి నిజమైన పనులవైపే మొగ్గుటను చూచి, ఉత్తుత్తి వంటకన్న శిశువు చేతికి తగిన పరిమాణముగల నిజమైన పాత్రలతో నీరు పోయుట, తుడుచుట, కూరలు కోయుట మేలని తలచెను. ఆమె 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చినందున ఈ యభిప్రాయము దక్షిణదేశమున శిశువిద్యపై ప్రభావము చూపినది. ఉభయపక్షములందును సత్యము గలదు. నిజపాత్ర నేర్పును పెంచును. ఆటపాత్ర ఊహను పెంచును. ఒక్క గృహమున రెండింటికిని తావుండుటకు అడ్డేమియు లేదు.

రెండవ యాక్షేపము బాలికలకు మాత్రమే వంటసామగ్రినిచ్చి, బాలురకు బొంగరములు, గోళీలు ఇచ్చుటవలన వంట స్త్రీలకే చెందినదను భావము బాల్యముననే నాటుకొనునన్నది. ఈ యాక్షేపము సమంజసమైనది. అయితే దోషము పిడతలలో లేదు, వానిని ఎవరికి ఇచ్చుచున్నారను నిర్ణయములో నున్నది. వీధియరుగుపై ఆటలో బాలురును కూర్చుండి వండుట సర్వసామాన్యము. వారిని లేవగొట్టువారు పెద్దలే.

ఇతరప్రాంతములు

కర్ణాటకమున చెన్నపట్టణము అంకుడుజాతి కఱ్ఱతోనే చేసిన లక్కబొమ్మలకు పేరెన్నికగన్నది. తమిళదేశమున చొప్పుసామానులు, మహారాష్ట్రమున భాతుకలి ఇట్టి చిఱువంటసామగ్రియే. కొండపల్లియందు తెల్లపొనికికఱ్ఱతోను, నిర్మలయందు పొనికితోను చేయు బొమ్మలు ప్రధానముగా చూచుటకు ఉద్దేశింపబడినవి, ఆటకు వాడుట తక్కువ (చూ. కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు).

వర్తమానస్థితి

ప్లాస్టిక్ సామగ్రి చౌకగా లభించుటచే లక్కపిడతల వ్యాపారము తగ్గినది. నేటి ప్లాస్టిక్ పెట్టెలలో తిరగలికి మారుగా గ్యాసుపొయ్యి, కుక్కరు, ఫ్రిజ్జు ఉండుట సహజము. శిశువు తన కాలపు వంటయింటినే అనుకరించును. లక్కపిడతలలో తిరగలి, రోలు ఇంకను నిలిచియుండుటచే, వానిని నిజజీవితమున చూడని పిల్లలు ముందు ఆటలో చూచి, తరువాత పేరడిగి తెలిసికొనుట తటస్థించుచున్నది.

పిల్లల ఆటకు 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలలహక్కుల ఒడంబడికలో 31వ అధికరణము స్థానము కల్పించినది. భారతదేశము 1992లో దానిని అంగీకరించినది. ఆటవస్తువుల భద్రతకై 2021 జనవరి 1 నుండి భారతీయ ప్రమాణసంస్థ ముద్ర తప్పనిసరియైనను, హస్తకళావిభాగమున నమోదైన పనివారు చేయువానికిని, భౌగోళికసూచికగల వస్తువులకును మినహాయింపు గలదు. మూడేండ్లలోపు పిల్లలు మ్రింగునంతటి చిన్నవస్తువులు బుట్టలో నుండవచ్చును గావున అట్టి పిల్లలు సమీపమున ఉన్నపుడు పెద్దలు కనిపెట్టియుండవలెను.

పనివారిని బాధించునది అమ్మకముకన్న కఱ్ఱకొఱత. అంకుడు అడవులనుండి రావలసియుండుటయు, అడవులు తఱుగుటయు, కొట్టుటకు నిర్బంధములుండుటయు కారణములు. కొట్టినపిమ్మట మొదటినుండి మరల చిగిర్చు స్వభావము ఈ చెట్టునకు గలదు గనుక, గ్రామసమీపమున పెంచి వంతులవారీగా కొమ్మలు కోయుట సాధ్యము.

చూ. ఏటికొప్పాక; గుజ్జెనగూళ్ళు; బొమ్మలకొలువు; మృచ్ఛకటికము; లక్క.